నయీంనగర్ జిరాక్స్ షాపులో టెర్మక్స్: రూట్ చేసిన పాత ఫోన్ మీద ఎలా ఉందంటే

టెర్మక్స్ మంచి యాప్. రూట్, అంటే ఫోన్ సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకోవడం, మాత్రం చాలామంది అనుకున్నంత అవసరం లేదు. హన్మకొండ నయీంనగర్‌లో మాది జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. షాపులో రోజూ వాడుతున్న అనుభవంతో ఈ మాట చెప్తున్నా. కంప్యూటర్ చదువు చదివిన మనిషిని కాదు. బీకామ్ చేసి, పెళ్లయ్యాక షాపులో కూర్చుని నేర్చుకున్నదాన్ని. అందుకే ఇది ఇంజినీర్ల కోసం కాదు, నాలాగా పని గడవాల్సినవాళ్ల కోసం.

తెలియనివాళ్లకు ఒక్క ముక్క: టెర్మక్స్ అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో లినక్స్ కమాండ్ లైన్ (ఆదేశాలు టైప్ చేసి పని చేయించుకునే తెర) ఇచ్చే ఉచిత యాప్. నల్ల తెర, డాలర్ గుర్తు, దాని పక్కన కర్సర్. అంతే కనిపిస్తుంది. అందులో మనకు కావాల్సిన టూల్స్‌ని 'పీకేజీ ఇన్‌స్టాల్' అని కొట్టి తెచ్చుకోవచ్చు. ఇది నడవడానికి రూట్ అక్కర్లేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. వీడియోల్లో ఎప్పుడూ రెండింటినీ కలిపి చూపిస్తారు కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు.

నాకు దీంతో పడ్డ పని చాలా చిన్నది. ఉద్యోగ నోటిఫికేషన్ పడితే మా షాపు ముందు పిల్లలు వరుస కడతారు. కాకతీయ యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి, చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల నుంచి వస్తారు. ఫోటో 50 కేబీ దాటొద్దు, సంతకం 20 కేబీ దాటొద్దు, మెమో పీడీఎఫ్ ఇంతే ఉండాలి అని ఒక్కో సైటుది ఒక్కో రూలు. ఇదివరకు ఏదో వెబ్‌సైట్‌లోకి ఎక్కించి, అది కుదించి ఇస్తే దింపుకునేవాళ్లం. అంటే పిల్లల ఆధార్లు, సంతకాలు, టెన్త్ మెమోలు ఎవరిదో తెలియని సర్వర్‌కి పోయేవి. ఇప్పుడు ఆ పని టెర్మక్స్‌లో ఇమేజ్‌మ్యాజిక్ అనే టూల్ చేస్తుంది. దానికి 'జేపెగ్ ఎక్స్‌టెంట్' అని ఒక సెట్టింగ్ ఉంది. 50 కేబీ అని ఇస్తే క్వాలిటీని అదే తగ్గించుకుంటూ వచ్చి ఆ సైజులోపు ఆపుతుంది. ఒక ఫోల్డర్లో ఇరవై మంది ఫోటోలు వేసినా ఒకే కమాండ్. పీడీఎఫ్‌లు కుదించడానికి ఘోస్ట్‌స్క్రిప్ట్ ఉంది. షాపు కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఫైళ్లు పంపడానికి ఎస్‌ఎస్‌హెచ్ (ఒక మెషిన్ నుంచి ఇంకోదానికి భద్రంగా కనెక్టయ్యే పద్ధతి) పెట్టుకున్నా. మామూలుగా అది 22వ పోర్టులో, అంటే 22 నంబర్ ద్వారంలో ఉంటుంది కదా, టెర్మక్స్‌లో 8022లో ఉంటుంది. ఎందుకంటే 1024 కంటే కింది పోర్టులు రూట్‌కే ఇస్తారు. విండోస్‌లో ఫైళ్లు పంపే విన్ఎస్‌సీపీ ప్రోగ్రాంలో ఈ నంబర్ మార్చకుండా కనెక్ట్ కావట్లేదని తలపట్టుకునేవాళ్లను చూశాను. ఇంటర్నెట్ లేకపోయినా వైఫై రౌటర్‌కి కరెంటు ఉంటే చాలు, పని ఆగదు.

ఇంతవరకూ రూట్‌తో పనే పడలేదు, గమనించండి.

ఇన్‌స్టాల్ దగ్గరే కొంత చిరాకు ఉంది. టెర్మక్స్ మూడు చోట్ల దొరుకుతుంది: ప్లే స్టోర్, ఎఫ్-డ్రాయిడ్ (ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్), గిట్‌హబ్ (ప్రోగ్రాముల కోడ్ పెట్టే సైటు). ప్లే స్టోర్‌లోది 2020 తర్వాత చాలాకాలం అప్‌డేట్ లేకుండా ఉండిపోయింది. యాప్ తన సొంత ఫోల్డర్లోకి దింపుకున్న ప్రోగ్రాములను నడపకూడదని ఆండ్రాయిడ్ 10 నుంచి గూగుల్ రూలు పెట్టింది. టెర్మక్స్ బతికేదే దాని మీద. అందుకే తయారుచేసేవాళ్లు ఎఫ్-డ్రాయిడ్ లేదా గిట్‌హబ్ నుంచి తీసుకోమంటారు. నేనూ అదే చెప్తాను. ఒకటి గుర్తుంచుకోండి, మెయిన్ యాప్ ఎక్కడి నుంచి తెచ్చారో దాని తోక యాప్‌లు, అంటే టెర్మక్స్ ఏపీఐ, టెర్మక్స్ బూట్ లాంటివి కూడా అక్కడినుంచే తెచ్చుకోవాలి. ఒక్కోచోట యాప్ మీద వేసే డిజిటల్ సంతకాల తాళాలు వేరు కాబట్టి ఒకటి ఇక్కడిది, ఒకటి అక్కడిది కలిపితే 'యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్' అని వస్తుంది. కారణం మాత్రం చెప్పదు. ఫోన్‌లో ఆండ్రాయిడ్ 7 లేదా ఆపైది ఉండాలి.

ఇక రూట్ సంగతి. మా మరిది బీటెక్ చదువుతున్నాడు. వాడే తన పాత ఫోన్‌ని బూట్‌లోడర్ (ఫోన్‌ని స్టార్ట్ చేసే ప్రోగ్రాం) అన్‌లాక్ చేసి, రూట్ ఇచ్చే మ్యాజిస్క్ ఎక్కించి షాపుకి తెచ్చిచ్చాడు. స్క్రీన్ పై మూల పగిలి అక్కడ టచ్ పనిచేయదు. నోటిఫికేషన్ కిందికి లాగడం కూడా కష్టమే. ఓటీజీ తీగ పెట్టి మామూలు కీబోర్డు తగిలించా. కీబోర్డు లేకపోయినా టెర్మక్స్‌లో వాల్యూమ్ తగ్గించే బటన్ కంట్రోల్ కీలాగా పనిచేస్తుంది. ఇది తయారుచేసినవాళ్లు వాడిచూసి పెట్టిన సౌకర్యం, నాకు బాగా నచ్చింది.

ఆ రూట్ వల్ల నాకు నిజంగా కలిసొచ్చింది ఒక్కటే: చార్జింగ్ ఆపడం. ఎప్పుడూ చార్జర్‌కి ఉండే ఫోన్ బ్యాటరీ నూరు శాతం దగ్గరే కూర్చుంటుంది. లిథియం బ్యాటరీకి నిండా చార్జి ఒక శత్రువు, వేడి ఇంకో శత్రువు. వరంగల్ ఎండాకాలం సంగతి మీకు చెప్పాలా, మే నెలలో రేకుల షాపులో మధ్యాహ్నం కౌంటర్ మీద చెయ్యి పెట్టలేం. ఆ రెండూ కలిస్తే బ్యాటరీ ఉబ్బుతుంది, వెనక మూత పైకి లేస్తుంది. రూట్ ఉంటే 'స్లాష్ సిస్ స్లాష్ క్లాస్ స్లాష్ పవర్ సప్లై' అనే ఫోల్డర్లో కెర్నల్ (ఆండ్రాయిడ్ అడుగున నడిచే మూల ప్రోగ్రాం) పెట్టిన స్విచ్ ఫైళ్లు మన చేతికొస్తాయి. అందులో సరైన ఫైల్లో ఒక అంకె రాస్తే చార్జర్ తగిలించి ఉన్నా చార్జింగ్ ఆగిపోతుంది. మ్యాజిస్క్‌కి అదనంగా తగిలించే ఏసీసీ అనే మాడ్యూల్ ఈ పని చూసుకుంటుంది. 70 శాతం దగ్గర ఆపు, 60కి పడితే మళ్లీ ఎక్కించు అని పెట్టాం. స్విచ్ ఫైలు పేరు ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఒక్కో రకంగా ఉంటుంది. ఏసీసీలోనే టెస్ట్ కమాండ్ ఉంది, చార్జర్ తగిలించి నడిపితే ఏ స్విచ్ పనిచేస్తుందో వెతికి చెప్తుంది. కొన్ని కెర్నల్స్‌లో పనికొచ్చే స్విచ్ అసలు ఉండదు, అప్పుడు ఏమీ చేయలేం. కొత్త ఫోన్లలో కొన్నిటికి సెట్టింగుల్లోనే 80 దగ్గర ఆపే ఆప్షన్ వస్తోంది. మీ ఫోన్‌లో అదుంటే నాకైతే రూట్ చేయడానికి ఇంకో కారణం కనపడదు.

రూట్‌తో వచ్చిన తలనొప్పులు మాత్రం ఎక్కువ. అందులో తొంభై శాతం నిజానికి చెడిపోవడం కాదు, ఒకే పేరున్న టూల్స్‌లో ఏది పలుకుతోందో తెలియకపోవడం.

ఉదాహరణకి ఇది చూడండి. కస్టమర్ల ఆధార్ కాపీలు, ఫోటోలు షాపులో రోజుల తరబడి ఉంచుకోవడం నాకిష్టం లేదు. నిన్నటి తేదీ పేరుతో ఉన్న ఫోల్డర్‌ని రాత్రిపూట తుడిచేసే చిన్న స్క్రిప్ట్ (వరసగా నడిచే కమాండ్ల ఫైలు) రాయించా. అందులో నిన్నటి తేదీ తెలుసుకోవడానికి 'డేట్ హైఫన్ డీ ఎస్టర్‌డే' అని ఉంటుంది. మామూలుగా నడిపితే చక్కగా పనిచేస్తుంది. రూట్‌గా నడిపితే తేదీ అర్థం కాలేదని ఎర్రర్. అదే ఫోన్, అదే స్క్రిప్ట్, అదే కమాండ్.

మరిది వచ్చి చూసి, "వదినా, ఫైలు పాడైందేమో, మళ్లా ఎక్కిద్దాం" అన్నాడు.

"ఆగు, ముందు విచ్ కొట్టు" అన్నా. ఒక కమాండ్ ఏ ఫోల్డర్లోంచి నడుస్తోందో చెప్పేది విచ్.

డాలర్ గుర్తు దగ్గర 'విచ్ డేట్' అని కొడితే టెర్మక్స్ ఫోల్డర్ దారి చూపించింది: డేటా, డేటా, కామ్ డాట్ టెర్మక్స్, ఫైల్స్, యూఎస్ఆర్, బిన్, డేట్. తర్వాత రూట్‌లోకి వెళ్లే 'ఎస్‌యూ' కొట్టాడు. డాలర్ గుర్తు పోయి హ్యాష్ గుర్తు వచ్చింది. అక్కడ మళ్లీ 'విచ్ డేట్' కొడితే 'స్లాష్ సిస్టమ్ స్లాష్ బిన్ స్లాష్ డేట్' అంది. 'ఎల్ఎస్ హైఫన్ ఎల్' పెట్టి దాన్ని చూస్తే బాణం గుర్తు, దాని చివర టాయ్‌బాక్స్ అని పేరు. అప్పుడు వాడికీ అర్థమైంది.

రూట్ చేసిన ఫోన్‌లో ఒకే పేరుతో మూడు టూల్స్ ఉండొచ్చు. ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోన్‌తోపాటే వచ్చే టూల్స్ మూట టాయ్‌బాక్స్. మ్యాజిస్క్‌తోనో మాడ్యూల్‌తోనో వచ్చే అలాంటి మూటే బిజీబాక్స్. టెర్మక్స్‌లో మనం తెచ్చుకున్నవి జీఎన్‌యూ టూల్స్, డెస్క్‌టాప్ లినక్స్‌లో ఉండేలాంటివే. ఒకే ఇంట్లో ముగ్గురు శ్రీనులు ఉండి, గుమ్మంలోంచి 'శ్రీనూ' అని పిలిస్తే ఎవరో ఒకరు పలికినట్టు ఉంటుంది వ్యవహారం. 'ఎస్టర్‌డే' అనే మాట జీఎన్‌యూ డేట్‌కే తెలుసు, మిగతా రెండింటికీ అంకెల్లో తేదీ ఇవ్వాలి. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్‌లో 'హైఫన్ క్యాపిటల్ పీ' కూడా అంతే, టెర్మక్స్‌లో ఉంటుంది, టాయ్‌బాక్స్‌లో, బిజీబాక్స్‌లో ఉండదు. నెట్‌లో దొరికే స్క్రిప్టుల్లో చాలావరకు డెస్క్‌టాప్ లినక్స్ చూసుకుని రాసినవే కాబట్టి రూట్ షెల్‌లోకి, అంటే ఆ హ్యాష్ గుర్తు దగ్గరికి రాగానే తడబడతాయి. పరిష్కారం కష్టం కాదు. స్క్రిప్టులో డేట్ అని ఊరికే రాయకుండా టెర్మక్స్ దారి మొత్తం రాయాలి. లేదా 'టీఎస్‌యూ' అనే ప్యాకేజీ పెట్టుకుంటే అది టెర్మక్స్ దారులను వెంటబెట్టుకుని రూట్‌లోకి తీసుకెళ్తుంది. దాంతోపాటే ఒక్క కమాండ్‌ని రూట్‌గా నడిపే సుడో కూడా వస్తుంది.

నాకు చెమటలు పట్టించింది ఆ ఎర్రర్ కాదు, దాని కింది లైను. డేట్ ఫెయిలైతే ఆ తేదీ ఉండాల్సిన చోటు ఖాళీ. తర్వాతి లైన్లో 'స్కాన్స్ ఫోల్డర్ లోపల ఆ తేదీ పేరున్నది తుడిచెయ్' అని ఉంది. తేదీ ఖాళీ అయితే దాని అర్థం స్కాన్స్ ఫోల్డర్ మొత్తం తుడిచెయ్ అని. రూట్‌గా ఉంటే అడ్డం చెప్పేవాడుండడు. ముందు స్క్రిప్ట్ చదివి, తుడిచే లైన్‌కి బదులు ఊరికే తెర మీద రాసి చూపించే 'ఎకో' పెట్టి నడిపించాం కాబట్టి ఏమీ పోలేదు. బ్యాష్‌లో (ఈ స్క్రిప్ట్ రాసిన భాష) వేరియబుల్, అంటే ఇక్కడ తేదీ దాచుకునే చోటు, పేరు తర్వాత, మీసాల బ్రాకెట్ మూసేలోపు కోలన్, ప్రశ్నార్థకం పెడితే అది ఖాళీగా ఉన్నప్పుడు స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. తుడిచే ప్రతి లైన్లో అది పెట్టించా. అసలు ఆ స్క్రిప్ట్‌కి రూట్ ఎందుకని అడిగితే మరిది, "ఉంది కదా వదినా, వాడితే ఏమైతది" అన్నాడు. ఇప్పుడది మామూలుగానే నడుస్తోంది.

ఇంకో మాయ ఎర్రర్ 'నాట్ ఫౌండ్'. ఫైలు కళ్లముందే ఉంటుంది, 'ఎల్ఎస్' కొడితే కనిపిస్తుంది, నడిపితే లేదంటుంది. లేదన్నది ఆ ఫైలు కాదు, దాని మొదటి లైన్లో రాసిన ప్రోగ్రాం. చాలా స్క్రిప్టులు 'స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ బిన్ స్లాష్ ఎన్వ్' అని మొదలవుతాయి. ఆండ్రాయిడ్‌లో ఆ ఫోల్డర్ లేదు. టెర్మక్స్‌లో మామూలుగా నడిపినప్పుడు 'టెర్మక్స్ ఎగ్జెక్' అనే చిన్న లైబ్రరీ వెనకాల ఉండి ఆ దారిని సరిచేస్తుంది. రూట్‌లోకి వెళ్లేటప్పుడు ఆ లైబ్రరీ వెంట రాదు. అందుకే డాలర్ దగ్గర నడిచింది హ్యాష్ దగ్గర నడవదు. 'టెర్మక్స్ ఫిక్స్ షెబాంగ్' అనే కమాండ్ ఆ మొదటి లైన్‌ని శాశ్వతంగా సరిచేసి పెడుతుంది. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి తెచ్చిన స్క్రిప్ట్ అయితే లైను చివర కనపడని ఒక అక్షరం ఉండి కూడా ఇదే ఎర్రర్ వస్తుంది. దానికి 'డాస్ టు యూనిక్స్' ఉంది.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో స్క్రిప్ట్ పెట్టి 'పర్మిషన్ డినైడ్' అంటే రూట్ కోసం పరిగెత్తకండి. ఫోటోలు, డౌన్‌లోడ్లు ఉండే స్టోరేజీలో ప్రోగ్రాములు నడవకుండా ఆండ్రాయిడే కట్టేసి ఉంచుతుంది, ఫైలుకి నడిచే అనుమతి ఇచ్చే 'సీహెచ్‌మాడ్' ఎన్నిసార్లు కొట్టినా అక్కడ ఫలితం ఉండదు. టెర్మక్స్ హోమ్ ఫోల్డర్లోకి కాపీ చేసుకుంటే సరి.

రూట్‌గా ఒక పని చేస్తే దాంట్లోంచి పుట్టిన ఫైళ్లు రూట్ సొంతమవుతాయి. మర్నాడు మామూలుగా వచ్చి వాటిని తీయబోతే రానివ్వదు. మా పీడీఎఫ్ ఫోల్డర్ ఒకసారి ఇలాగే బిగుసుకుంది. 'సీహెచ్ఓన్'తో యజమాని పేరు మార్చి, 'రిస్టోర్ కాన్' కూడా కొట్టాలి. రెండోది చాలామంది వదిలేస్తారు. ఆండ్రాయిడ్‌లో కాపలా కాసే ఎస్ఈలినక్స్ ఫైలు మీద వేసిన ముద్ర మారకపోతే యజమాని సరిగ్గా ఉన్నా తలుపు తెరుచుకోదు. ఈ గొడవ తెలిసే కాబోలు, రూట్‌గా ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేయబోతే టెర్మక్స్ ఒప్పుకోదు, ఆ దారి శాశ్వతంగా మూసేశామని మొహమ్మీదే చెప్తుంది. మరిదికి దాని మీద కోపం, నాకు గౌరవం.

మ్యాజిస్క్ గురించి రెండు మాటలు. 'ఎస్‌యూ' కొట్టగానే తెర మీద అనుమతి అడుగుతుంది. మామూలు సెట్టింగ్‌లో 10 సెకన్లలోపు ఎవరూ నొక్కకపోతే కాదన్నట్టే లెక్క. కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో పనిచేస్తున్నప్పుడు ఫోన్ ఎక్కడో ఉంటుంది, ఆ అడిగింది మనకు కనపడదు, ఇక్కడ 'పర్మిషన్ డినైడ్' మాత్రం వస్తుంది. మ్యాజిస్క్ యాప్‌లో సూపర్‌యూజర్ పేజీలోకి వెళ్లి టెర్మక్స్ పక్కన స్విచ్ ఆన్ చేసుకోవాలి.

ఆండ్రాయిడ్ 12 నుంచి ఇంకో బాధ ఉంది. యాప్‌లన్నీ వెనకాల పుట్టించే పిల్ల ప్రాసెస్‌లు మొత్తం ఫోన్‌లో 32 దాటితే సిస్టమ్ కొన్నిటిని చంపేస్తుంది. టెర్మక్స్‌లో 'సిగ్నల్ 9' అని కనిపిస్తే అదే. యాప్ చెడిపోయిందని తీసేసి మళ్లీ వేసుకునేవాళ్లున్నారు, దాంతో హోమ్ ఫోల్డర్లో ఉన్నదంతా పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఆండ్రాయిడ్ 14 అయితే డెవలపర్ ఆప్షన్స్‌లో చైల్డ్ ప్రాసెస్ పరిమితి తీసేసే స్విచ్ ఉంది. అంతకుముందువాటికి ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే టూల్)తో సెట్టింగ్ మార్చాలి. దీనికీ రూట్ అక్కర్లేదు. పనిలోపనిగా 'టెర్మక్స్ వేక్ లాక్' కొట్టి, బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి టెర్మక్స్‌ని తప్పించండి. లేకపోతే ఫోన్ నిద్రపోగానే రాత్రి నడవాల్సిన స్క్రిప్ట్ కూడా నిద్రపోతుంది.

బిజీబాక్స్ మాడ్యూల్ వేసుకోమని ప్రతి వీడియోలో చెప్తారు. టెర్మక్స్ ఉన్న ఫోన్‌లో అది ఎందుకో నాకు అర్థం కాలేదు. ఉన్న ఇద్దరితోనే పడలేకపోతుంటే మూడోవాణ్ణి తెచ్చుకోవడమే. మేం తీసేశాం, పనేదీ ఆగలేదు.

నచ్చనిది ఒకటి గట్టిగా చెప్పాలి. తెలుగు. ఫైలు పేరు తెలుగులో ఉంటే టెర్మక్స్ దాన్ని పాడు చేయదు, కాపీ అవుతుంది, తుడుస్తుంది, అంతా సరే. తెర మీద మాత్రం గుణింతాలు, ఒత్తులు ఒకదానిమీద ఒకటి ఎక్కి చదవలేం. ఒక్కో అక్షరానికి ఒక్కో గడి అని లెక్కగట్టే టెర్మినల్స్‌కి మన లిపి ఒదగదు. 'స్వప్న మెమో' అని ఫోల్డర్ పెడితే కర్సర్ ఎక్కడుందో తెలియక వెనక్కి తుడవడం కూడా తికమకే. చివరికి ఫోల్డర్ల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకున్నాం. తెలుగు స్కాన్లను టెక్స్ట్‌గా మార్చడానికి టెసెరాక్ట్ ఉంది, తెలుగు డేటా ఫైలు పెట్టుకుంటే నడుస్తుంది. కానీ ఫలితం చూసుకోవాలంటే వేరే ఎడిటర్‌లో తెరవాల్సిందే.

స్టార్లు ఇవ్వాలంటే టెర్మక్స్‌కి 5కి 4. పోయిన ఆ ఒక్కటి తెలుగుకీ, కారణం చెప్పని ఎర్రర్లకీ. రూట్‌కి 2 ఇస్తాను, అదీ ఏసీసీ మొహం చూసి.

రోజూ వాడే ఫోన్‌ని మాత్రం దీనికోసం రూట్ చేయకండి. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తేనే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, తర్వాత చాలా బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు రూట్ వాసన పసిగట్టి తెరుచుకోవు. గల్లా దగ్గర పైసలు వచ్చాయో లేదో చూసుకునే ఫోన్ మాకు వేరే ఉంది. అందులో కూడా టెర్మక్స్ వేసుకున్నా, రూట్ లేకుండానే. జనం ఎక్కువున్నప్పుడు 50 కేబీ ఫోటోలు అందులోనే చేసిచ్చేస్తున్నా.